ఆసుపత్రిలో సోకు రోగములు: అవి వచ్చు దారులు, వానిని ఆపు ఉపాయములు

రోగము కుదుర్చుకొనుటకు మనుష్యుడు ఆసుపత్రికి పోవును. పోవునప్పుడు తనలో లేని రోగమొకటి అక్కడ తగిలించుకొని వచ్చుటయు కలదు. కాలు విరిగి చేరిన కూలివానికి శస్త్రచికిత్స చేసిన చోట చీము పట్టును. పక్షవాతముతో మంచము పట్టిన ముసలివానికి మూత్రపు గొట్టము మూలమున చలిజ్వరము వచ్చును. సుఖముగా కాన్పయినదని ఇల్లెల్ల సంతోషించుచుండగనే పసికందు పాలు త్రాగుట మానివేయును. ఇట్టివానిని వైద్యులు ఆసుపత్రిలో సోకిన అంటురోగములందురు. చేరునాటికి శరీరమున దాగియుండక, సాధారణముగా 48 గంటలు గడచిన తరువాత బయటపడు రోగములను ఈ లెక్కలో చేర్చుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ననుసరించి, సంపన్న దేశములలో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 7గురికి, మధ్యమాదాయ, అల్పాదాయ దేశములలో 15 మందికి ఇట్టి రోగమొకటియైనను సోకుచున్నది.

ఈ 7 సంఖ్యకును 15 సంఖ్యకును గల తేడాయే ఒక సంగతి తెలుపుచున్నది. ఇది తలవ్రాత కాదు. రోగక్రిమి తనంత తాను నడువలేదు, ఎగురలేదు. ఒక రోగినుండి మరియొక రోగిని చేరుటకు దానికి వాహనము కావలెను. ఆసుపత్రిలో అట్టి వాహనములు కొన్నియే కలవు: మనుష్యుల చేతులు, సూదులు, రోగుల ఊపిరి, శరీరములోనికి దూర్చిన గొట్టములు, సరిగా శుద్ధి చేయని పనిముట్లు. వీనిలో మొదటిది అన్నింటికంటె ముఖ్యమైనది. అది ముఖ్యమని లోకమునకు తెలియుటకు వేలకొలది తల్లులు ప్రాణములు కోల్పోవలసి వచ్చినది.

వియన్నా నగరపు కాన్పుల ఆసుపత్రి

ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నాలో పెద్ద ప్రభుత్వాసుపత్రి యొకటి కలదు. 1840 దశాబ్దమున అందు కాన్పుల విభాగములు రెండుండెను. మొదటి దానిలో వైద్య విద్యార్థులును, రెండవ దానిలో మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. భవనమొక్కటే, ఆహారమొక్కటే. అయినను 1846లో మొదటి విభాగమున నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణింపగా, రెండవ దానిలో నూటికి ముగ్గురైనను మరణింపలేదు. ఈ సంగతి ఊరివారికిని తెలియును. మొదటి విభాగములో చేర్చవలదని గర్భిణులు కాళ్లపై బడి వేడుకొనెడివారట. దారిలోనే ప్రసవించి వచ్చినవారు సయితము ఆ విభాగమున ప్రసవించిన వారికంటె క్షేమముగా నుండెడివారు.

అక్కడ పనిచేయుచుండిన ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను యువవైద్యునికి ఈ చిక్కు నిద్ర పట్టనీయలేదు. గాలి చెడినదన్నను, స్త్రీలు భయపడుచున్నారన్నను, రెండు విభాగములకును అవి సమానమే గదా. 1847 మార్చిలో అతని మిత్రుడును ఆచార్యుడునగు కొల్లెచ్కా మరణించెను. శవపరీక్ష చేయుచుండగా విద్యార్థి చేతి కత్తి అతని వ్రేలికి తగిలినది. అతని మరణమునకు ముందు కనబడిన లక్షణములు బాలింత జ్వరపు లక్షణములను పోలియుండెను. అప్పుడు సెమ్మెల్వైస్‌కు విషయము తట్టినది. మొదటి విభాగపు విద్యార్థులు ప్రతి ఉదయము శవములను కోసి, ఆ చేతులతోనే కాన్పుల గదికి వచ్చుచుండిరి. మంత్రసానులకు శవములతో పనిలేదు. సబ్బుతో కడిగినను ఆ చేతులకు శవపు వాసన పోవుట లేదు.

ఆ సంవత్సరము మే నెల నడుమనుండి అతడు కాన్పుల గది వాకిట క్లోరిన్ సున్నపు నీటి పాత్ర నుంచి, దానిలో చేతులు కడుగనిదే ఎవరును లోనికి రారాదని నియమము పెట్టెను. ఏప్రిలులో నూటికి 18గా నుండిన మరణములు జూనులో రెండింటికి కొంచెము పైగా దిగినవి.

ఇంతవరకు ఈ కథను చాలమంది చెప్పుదురు. తరువాత జరిగినది అంతకంటె విలువైనది. అదే సంవత్సరము అక్టోబరులో గర్భాశయమున కుళ్లిన పుండుగల రోగిణి యొకతె మొదటి మంచముపై చేరినది. వైద్యులు ముందు ఆమెను పరీక్షించి, తరువాత వరుసగా తక్కిన వారిని పరీక్షించిరి. గదిలో ప్రవేశించునప్పుడు అందరును చేతులు కడుగుకొన్నవారే. కాని ఒక మంచమునకును మరియొక మంచమునకును నడుమ కేవలము సబ్బు వాడిరి. ఆమెతోబాటు ప్రసవించిన పండ్రెండుగురిలో పదునొకండుగురు మరణించిరి. శవమునుండియే కాదు, సజీవులనుండియు విషము చేతుల మీదుగా పోవునని సెమ్మెల్వైస్ అప్పుడు గ్రహించెను. వాకిట ఒకసారి కడిగిన చాలదు. ప్రతి రోగికిని నడుమ కడుగవలెను. ఆ విషము క్రిమి యని అతడెరుగడు. బాలింత జ్వరమునకు మూలమైన క్రిమిని ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ 1879లో చూపెను. అప్పటికి సెమ్మెల్వైస్ మరణించి పదునాలుగేండ్లయినది. తోటి వైద్యులలో పలువురు అతని మాట మన్నింపలేదు. మరణమును తెచ్చునవి తమ చేతులేయని ఒప్పుకొనుట వారికి సులభమైన పని కాకపోయెను.

నేటి వార్డులో చేతుల మాట

నేడు వైద్యులకును నర్సులకును బోధించు నియమము ఆనాటి వియన్నా పాఠమునకు విస్తరణమే. రోగిని తాకుటకు ముందు, గాయము కట్టుట, సూది వేయుట మున్నగు శుద్ధమైన పనులకు ముందు, రక్తముగాని మలమూత్రములుగాని తాకు ప్రమాదము కలిగిన వెంటనే, రోగిని తాకిన తరువాత, రోగి మంచమును, చుట్టునుండు వస్తువులను తాకిన తరువాత చేతులు శుభ్రపరచుకొనవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములలో ఈ ఐదు సమయములను నిర్దేశించినది. చేతి తొడుగులు ఇందుకు బదులు కావు. ఒకే తొడుగుతో నలుగురు రోగులను తాకినచో రక్షింపబడునది తొడుగుకొన్నవాడే గాని రోగులు కారు.

అయితే భారతదేశపు ఆసుపత్రిలో రోగిని తాకునది వైద్యుడు, నర్సు మాత్రమే కాదు. మంచము ప్రక్కన తల్లియో, భార్యయో, కొడుకో ఉండును. రోగిని ప్రక్కకు త్రిప్పుట, ఒడలు తుడుచుట, మలమూత్రములెత్తుట, అన్నము తినిపించుట, వీనిలో చాలభాగము వారి చేతులమీదుగానే జరుగును. అంతటితో ఆగదు. ప్రక్క మంచముపై ముసలివాడు లేవలేక అవస్థ పడుచుండిన, తన రోగిని విడిచి పోయి అతనిని లేవనెత్తి కూర్చుండబెట్టుట ఇక్కడి వారి స్వభావము. ఆ దయ మానదగినది కాదు. కాని ఆ రెండు మంచముల నడుమ చేతులు కడుగుకొనుట మరువరాదు. వియన్నాలో పండ్రెండు మంచముల వరుసలో జరిగినది ఇదియే గదా.

కడుగుట యనగా నీళ్లు చల్లుకొనుట కాదు. సబ్బు రుద్ది, అరచేతులు, చేతుల వెనుక భాగములు, వ్రేళ్ల సందులు, బొటనవ్రేళ్లు, గోళ్ల కొనలు తోముచు మొత్తము 40 నుండి 60 సెకనులు కడుగవలెను. బొటనవ్రేలును గోటి కొనలును తరచుగా మిగిలిపోవును. ఉంగరములును, మణికట్టుకు కట్టిన దారములును క్రిములకు ఆశ్రయములు. బాగుగా కడిగిన చేతులను చీర కొంగునకో, భుజము మీది తువాలునకో తుడిచినచో పడిన శ్రమ యంతయు వ్యర్థమగును; ఆ కొంగే ఉదయమునుండి రోగి మూతి తుడిచినది. గాలికి ఆరనిచ్చుట మేలు. మంచము దగ్గర శానిటైజరు సీసా యున్నచో చేతులంతట తడియగునట్లు పోసికొని 20 నుండి 30 సెకనులు ఆరువరకు రుద్దుకొనిన చాలును. కాని చేతికి మట్టి, రక్తము, మలము కంటికి కనబడునట్లు అంటినప్పుడును, విరేచనముల రోగికి సేవ చేసినప్పుడును సబ్బును నీళ్లను వాడవలెను. కొన్ని విరేచన క్రిముల బీజములు శానిటైజరుకు చావవు.

వైద్యుని చూచి, "అయ్యా, చేతులు శుభ్రము చేసికొన్నారా?" యని అడుగుటకు రోగి జంకును. పెద్దవారిని ప్రశ్నించుట మర్యాద కాదని తలచును. అడుగుట రోగి హక్కు. శ్రద్ధగల వైద్యుడు దీనిని అవమానముగా తలపడు.

సూది మందు

ఒకప్పుడు సూదులును గాజు సిరంజిలును నీళ్లలో మరగబెట్టి మరల మరల వాడుచుండిరి. మరగిన నీటి వేడిమికి చాల క్రిములు చచ్చునుగాని, కొన్నింటి బీజములు చావవు. శస్త్రచికిత్స పనిముట్లను అధిక పీడనముతో గూడిన ఆవిరి యంత్రములో, 121 డిగ్రీల వేడిమికి తెచ్చి, కనీసము 15 నిమిషములు ఉంచుట అందుకే. ఇప్పుడు ఒకసారి వాడి పారవేయు సిరంజిలు చౌకగా దొరకుచున్నవి. వాడిన వెంటనే తనంతట తాను బిగిసిపోయి మరల పనికిరాని సిరంజిలును కలవు. అయినను ప్రమాదము తొలగిపోలేదు. 2009లో గుజరాతు రాష్ట్రమున సాబర్‌కాంఠా జిల్లా మొడాసా ప్రాంతములో హెపటైటిస్ బి కామెర్లు చెలరేగి పలువురు మరణించిరి. వాడిన సిరంజిలనే మరల వాడుట అందుకు కారణముగా తేలినది.

రక్తము మూలమున సోకు వైరసుల బలము ఒకేరీతిగా నుండదు. రోగి రక్తము అంటిన సూది పొరబాటున గ్రుచ్చుకొనినచో, టీకా వేసికొననివారిలో హెపటైటిస్ బి నూటికి 30 మంది వరకు, హెపటైటిస్ సి నూటికి సుమారు ఇద్దరు ముగ్గురికి, హెచ్.ఐ.వి. వెయ్యింటికి ముగ్గురికి సోకునని వైద్యులు లెక్క కట్టుదురు. జనులు హెచ్.ఐ.వి. పేరు విన్నంతనే ఉలికిపడుదురు, కామెర్ల మాట లక్ష్యపెట్టరు. సూది విషయమున భయపడవలసిన క్రమము దీనికి తలక్రిందుగా నున్నది. హెపటైటిస్ బి వైరసు ఎండిన రక్తములోను బయట కనీసము ఏడు దినములు బ్రతికియుండగలదు. దానికి టీకా యున్నది. పుట్టిన 24 గంటలలో శిశువునకు మొదటి మోతాదు వేయింపవలెను. ఆసుపత్రిలో పనిచేయువారందరును, ఊడ్చువారితో సహా, మూడు మోతాదులు పూర్తిచేసికొనవలెను.

రోగి చూచుకొనవలసినది ఇంతే: సిరంజి పొట్లము తన కన్నుల యెదుట విప్పవలెను, సూది మార్చి సిరంజి మాత్రము పాతదే వాడిన ఒప్పుకొనరాదు, ఏలయన సూదినుండి రక్తము సిరంజిలోనికి చేరును. అంతకంటె మొదటి ప్రశ్న, సూది అవసరమా యనునది. సూది వేయనివాడు వైద్యుడే కాడను నమ్మకము పల్లెలలోను పట్టణములలోను బలముగా నాటుకొని యున్నది. సాధారణమైన జ్వరములకు, దగ్గులకు, ఒళ్లు నొప్పులకు నోటి మాత్ర చాలును. వైద్యుడు మాత్రలు వ్రాసి పంపినప్పుడు "సూది వేయండి" యని బలవంతపెట్టువారు లేని ప్రమాదమును డబ్బిచ్చి కొనుచున్నారు.

వాడిన సూదికి మూత మరల పెట్టరాదు. అప్పుడే చాలమందికి గ్రుచ్చుకొనును. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమముల ప్రకారము సూదులు చిల్లుపడని తెల్లని డబ్బాలో పడవలెను. నెత్తురు గుడ్డలు, దూది పసుపు సంచిలోను, ప్లాస్టిక్ గొట్టములు ఎర్ర సంచిలోను వేయవలెను. రోగి బంధువులు అరటితొక్కలు, టీ గ్లాసులు వీనిలో పడవేయుటయు, నెత్తురు దూదిని మామూలు చెత్తబుట్టలో పడవేయుటయు తరచుగా కనబడును. ఆ చెత్త నేరుకొను బీదవాని చేతికి తొడుగుండదు. ఎవరికైనను సూది గ్రుచ్చుకొనినచో వ్రేలు నోట పెట్టుకొనక, పిండక, ధారగా పడు నీటితోను సబ్బుతోను కడిగి వెంటనే వైద్యునికి చెప్పవలెను. హెచ్.ఐ.వి. రాకుండ వాడు మందు ఎంత త్వరగా మొదలిడిన అంత మంచిది. 72 గంటలు దాటరాదు. 28 దినములు వాడవలెను.

ఊపిరి మార్గము

2001 జనవరి, ఫిబ్రవరి నెలలలో పశ్చిమ బెంగాలులోని సిలిగురి పట్టణమున పేరు తెలియని జ్వరమొకటి పుట్టినది. 66 మందికి సోకి, 45 మంది మరణించిరి. రోగులలో అధికులు ఆసుపత్రి సిబ్బంది, రోగులకు సేవ చేసినవారు, చూచుటకు వచ్చినవారు. అది గబ్బిలములలో నివసించు నిపా వైరసు పని యని దాచిన నమూనాలను తరువాతి కాలమున పరీక్షించినప్పుడు నిర్ధారణయైనది. 2018 మేలో కేరళ రాష్ట్రమున కోజికోడ్ ప్రాంతములో అదే వైరసు మరల కనబడినప్పుడును, మొదటి రోగినుండి అది పెక్కుమందికి సోకినది ఆసుపత్రులలోనే. సేవ చేసిన నర్సు యొకతె ప్రాణములు కోల్పోయినది. అయితే ఈసారి వైద్యులు త్వరగా అనుమానించిరి; కొన్ని దినములలోనే వైరసు పేరు తేల్చిరి; రోగులను వేరుచేసి, వారిని తాకిన వారందరిని వెదకి కనిపెట్టిరి. కొన్ని వారములలో వ్యాధి అణగినది.

సిలిగురి అనుభవమునందు గమనింపవలసిన విషయమొకటి కలదు. రోగమేదో తెలిసిన తరువాత జాగ్రత్త పడుదమని కూర్చుండినచో, తెలియుటకు ముందే అది సిబ్బందిని చుట్టబెట్టును. కావున చేతుల శుభ్రత, దగ్గు రోగికి మాస్కు, రక్తమునకును ఉమ్మికిని అడ్డముగా తొడుగు, ఇవి రోగము పేరుతో నిమిత్తము లేక ప్రతి రోగి యెడలను పాటింపవలసినవి.

దగ్గినప్పుడు తుంపరలు వెలువడును. పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలోనే రాలిపోవును. క్షయ, తట్టు, ఆటలమ్మ క్రిములు మాత్రము కంటికానని కణములతో గాలిలో చాలసేపు తేలియుండును. క్షయరోగి ఇంకను గుర్తింపబడక, బయటి రోగుల విభాగమున గంటలకొలది వరుసలో నిలిచి దగ్గుచుండును. అతని ముందు చంటిబిడ్డ తల్లి, వెనుక చక్కెర రోగి. అట్టి దగ్గుగలవారిని ముందుగా పిలిచి చూచి పంపుట ఉత్తమము. అది అతనికి చేసిన ఉపకారము కాదు, తక్కిన వారికి రక్ష. కిటికీలు తెరచియుంచుట ఖర్చులేని మందు. చలి యనియు దోమలనియు వార్డు కిటికీలు బిగించుట పెక్కుచోట్ల కనబడును. దోమలకు తెరలు, చలికి దుప్పట్లు కలవు, మూసిన గదిలోని గాలికి మాత్రము వేరొక ఉపాయము సులభముగా దొరకదు.

గొట్టములు, గాయములు, పసికందులు

చర్మము శరీరమునకు ప్రాకారము వంటిది. సెలైను సూది, మూత్రపు గొట్టము, శస్త్రచికిత్స కోత, ఇవన్నియు ఆ ప్రాకారమునకు పెట్టిన దిడ్డివాకిళ్లు. అవసరమున్నంతవరకే తెరచియుంచి, తీరిన వెంటనే మూయవలెను. "ఈ గొట్టము ఇంకను కావలెనా?" యని దినమునకొకసారి వైద్యుని అడుగుట మంచిది. మూత్రపు సంచి ఎల్లప్పుడు రోగి నడుముకంటె క్రిందుగా వ్రేలాడవలెను, నేలను తాకరాదు. పరీక్షకు తీసికొని పోవునప్పుడు బంధువులు సంచిని తెచ్చి రోగి పొట్టపై పెట్టుదురు. అప్పుడు సంచిలోని మూత్రము వెనుకకు పారి క్రిములను లోనికి కొనిపోవును. సెలైను సూదిచోట ఎరుపు, వాపు, నొప్పి కనబడిన తక్షణమే నర్సుకు చెప్పవలెను.

శస్త్రచికిత్సకు ముందు రోగి స్నానము చేయవలెను. ఆ చోట వెంట్రుకలు ముందునాటి రాత్రి మంగలికత్తితో గీయించుకొనుట పాత అలవాటు. కత్తి చేసిన కంటికానని గాట్లలో క్రిములు పెరుగును. అవసరమైనచో ఆసుపత్రివారే క్లిప్పరుతో కత్తిరింతురు.

పసికందు విషయమున బంధుప్రీతియే అపాయము తెచ్చును. కాన్పయిన మరునాటికే ఊరంతయు తరలివచ్చి, బిడ్డను చేతులు మార్చుచు ముద్దాడును. నెలలు నిండక పుట్టిన బిడ్డకు రోగమునెదిరించు శక్తి చాల తక్కువ. చూడవచ్చినవారు దూరమునుండి చూచి పోవలెను. జలుబుగలవారు రానే రాదు. బొడ్డుపై పసుపు, నూనె, బూడిద ఏమియు పెట్టక పొడిగా నుంచవలెను. తల్లి రొమ్మున బిడ్డను చర్మమునకు చర్మము తగులునట్లు హత్తుకొనియుంచుట, తల్లిపాలు మాత్రమే యిచ్చుట, ఇవి తక్కువ బరువు బిడ్డలలో సంక్రమణములను తగ్గించును.

ఆసుపత్రి క్రిములకు మరియొక దుర్గుణము కలదు. నిత్యము మందుల నడుమ పెరుగుటచేత అవి పెక్కు యాంటీబయాటిక్ మందులకు లొంగవు. జలుబునకును మందుల దుకాణమునకు పోయి యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు కొని, రెండు మ్రింగి మానువారు ఇట్టి క్రిములను ఇంటినుండియే పెంచి తెచ్చుచున్నారు.

ఇంటికి పంపిన తరువాతను కోత గాయమును కనిపెట్టి యుండవలెను. శస్త్రచికిత్స వలన వచ్చు సంక్రమణము సాధారణముగా 30 దినములలోపల బయటపడును; లోపల లోహపు పలకగాని కృత్రిమమైన కీలుగాని అమర్చిన చోట 90 దినముల వరకు రావచ్చును. కుట్లచోట ఎరుపు వ్యాపించుట, చీము కారుట, తగ్గిన నొప్పి మరల హెచ్చుట, జ్వరము, వీనిలో ఏది కనబడినను ఇంటి మందులతో కాలము గడపక, శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికే తిరిగి పోయి చూపవలెను. పోవునప్పుడు విడుదల చీటి వెంట తీసికొని పోవలెను.